పడుగు కింద నిద్ర

ఎమ్మిగనూరులో ఒక వీధి వీధినంతా పట్టపగలు నిద్రపుచ్చిన మొనగాణ్ణి నేను. నమ్మకపోతే మానండి. మగ్గాల వీధికి పోయి వెంకటేశులు ఎవరని అడగండి. ఉగాది నాడు కుక్కల చేత కూడా నోరు మూయించినవాడని చెబుతారు. ఆ రోజు ఒక కోడిపుంజు కూత మొదలుపెట్టి సగంలో ఆపేసింది. మిగిలిన సగం మర్నాడు పొద్దున కూసి బాకీ తీర్చుకుంది. అదంతా నా ఘనకార్యమే.

నేను చదివింది ఐదో తరగతి. మా అయ్యవారు నా పలక చూసి, "ఒరే, నీకు లెక్కలు రావు, కతలొస్తాయి. పో" అన్నారు. పోయాను. పోయి ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో చేరాను. సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి ఎమ్మిగనూరుకు, మా అన్న ఇంటికి వచ్చేవాణ్ణి. పెళ్ళెందుకు చేసుకోలేదని అడగబోతున్నారు కదా. చూసిన పిల్లలందరూ నా మాటల్లో నిజమెంతో తేల్చుకునేలోగా వాళ్ళకు వేరే సంబంధాలు కుదిరిపోయాయి.

మా అన్న సుబ్బన్న మగ్గం నేసేవాడు. ఆయనకు మాటలు తక్కువ. ఇంటికి రావలసిన మాటలన్నీ నేనొక్కణ్ణే వాడేశానని మా అమ్మ తిప్పమ్మ అనేది. ఇక మా వదిన వీరమ్మ. ఈ కథ ఆమెది. ఆమె నిద్రది, ఇంకా సరిగ్గా చెప్పాలంటే.

ఒకప్పుడు మా వదిన నిద్రంటే నిద్రే. తల దిండుకు ఆనకముందే కళ్ళు మూతపడేవి. దిండు తనకు పనే లేకుండా పోయిందని అలిగి మూలకు పోయేది. ఒకసారి గోనెగండ్ల నుంచి ఎద్దులబండిలో వస్తూ నిద్రపోయింది. దారిలో చక్రం ఊడింది, బండి ఒరిగింది, ఎద్దులు పారిపోయాయి, మళ్ళీ దొరికాయి. ఇంటి ముందు దిగి, "అప్పుడే వచ్చేసినామా?" అని అడిగింది.

అట్లాంటి మనిషికి నలభై ఐదు దాటగానే నిద్ర పోయింది. ఉన్నట్టుండి ఒంట్లో ఆవిర్లు లేచేవి, పొయ్యి లోపలే రాజుకున్నట్టు. చెమటలు పట్టేవి, అంతలోనే చలి పుట్టేది. పగలంతా రాట్నం తిప్పి కండెలు చుట్టే చెయ్యి కదా, కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదు. కొప్పు ఎట్లాగో చుట్టి, కొంగు కప్పుకొని తిరిగేది. ఆదోనిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె మంచిది, నిదానంగా చూసింది. "వయసు మారేటప్పుడు ఇట్లా ఉంటుందమ్మా. భయం లేదు. విశ్రాంతి తీసుకో" అంది.

బయటికి వచ్చాక మా వదిన నన్ను ఆపింది. "ఎంకటేశా, మందులంగడి ఈడనే ఉండాది. పోయి ఆ విశ్రాంతి ఒక సీసా ఇమ్మను."

"అది ఆదోనిలో దొరకదంట వదినా. బళ్ళారి నుంచి రావల్లంట."

"నా నిదర కోడుమూరు సంతలో తప్పిపోయిన మేకపిల్ల మాదిరైపోయినాది. యాడ ఎతకల్ల?"

"నేను చూసినా దాన్ని. గుంతకల్లు బస్సెక్కి కిటికీ పక్కన కూచోనుండాది. పిలిచినా పలకల్యా."

ఆమె నవ్వింది. కానీ ఆ నవ్వు పెదాల దాకా వచ్చి, కళ్ళ దాకా ఎక్కలేక కూలబడింది. నాకు మొదటిసారి భయమేసింది.

ఇక్కడ మా వైపు ఒక నమ్మకం చెప్పాలి. ఉగాది నాడు మనిషి ఏది చేస్తే ఏడాదంతా అదే చేస్తాడంటారు. నవ్వినవాడికి నవ్వులు, ఏడ్చినవాడికి ఏడుపులు. అందుకే ఆ రోజు పిల్లల్ని కూడా కొట్టరు. కిందటి ఉగాదికి మా వదిన చుట్టాలకని పిండి కలిపి, పూర్ణం రుబ్బి, తెల్లవార్లూ మేలుకొని ఉంది. పగలు సరే సరి. ఆ ఏడాదంతా ఆమెకు నిద్ర లేదు. డాక్టరమ్మ ఏం చెప్పినా, మా వదిన లెక్క మాత్రం అదే. ఉగాది దగ్గరే తాళం పడింది, తీస్తే ఉగాదే తీయాలి. ఈ ఉగాది నాడు కంటి నిండా ఒక్క నిద్ర పట్టిందా, బతికినట్టు. పట్టలేదా, ఇంకో ఏడాది ఇదే బతుకు. "అంత ఓపిక నాకు ల్యాదు ఎంకటేశా" అని మెల్లగా అంది.

చిక్కేమిటంటే, పండగ నాడు ఇంటి కోడలు పగలు పడుకుంటే లక్ష్మి లేచిపోతుందని ఇంకో నమ్మకం. దానికి కాపలాదారు మా అమ్మ. ఆమెకు అప్పటికే కళ్ళకు మసక. ఎదురుగా ఉన్నది మనిషో మేకో పోల్చుకోలేదు గానీ, ఎవరైనా కునికితే మాత్రం గోడ అవతల నుంచి కూడా పసిగట్టేది.

అది పందొమ్మిది వందల ఎనభై ఒకటి. వచ్చే ఏడాది పేరు దుర్మతి. పేరు వినగానే మా వదిన, "ఇంగ ఇదేం నిదరపోనిస్తాది" అని నిట్టూర్చింది.

పండగ ముందు సాయంత్రం నేను ఆదోని నుంచి పత్తి తెచ్చాను. మేస్త్రీని బతిమాలి తెచ్చిన తొలికోత పత్తి అది. ఎంత మెత్తనంటే, దారిలో దాని మీద వాలిన ఈగ ఒకటి మళ్ళీ లేవలేదు. చచ్చిందనుకున్నాను. కాదు, గురక పెడుతోంది. వదినకు దిండు చేయమని ఆ పత్తిని ఎదురింటి నూర్ బాషాకు ఇచ్చాను. ఆయన దూదేకులాయన. వేపచెట్టు కింద విల్లు తగిలించుకొని ఏకడం మొదలుపెట్టాడు. తంత్రి టింగుమన్నప్పుడల్లా దూది పొగమంచులాగా లేచేది. పైన వేపపూత రాలుతోంది, కింద దూది లేస్తోంది. రెండూ మధ్యలో కలిసి ఏది ఏదో తెలియలేదు. ఆ నీరెండలో వీధి వీధే కొంచెం నేల విడిచినట్టు కనిపించింది.

నూర్ బాషా భార్య జమ్రుద్‌బీ, మా వదిన, గోడ దగ్గర నిలబడి అది చూస్తున్నారు. ఇద్దరిదీ ఒకటే ఈడు, మా వాకిటి గోడకు చెరో పక్క నుంచి ఆనుకొని సగం బతుకు మాట్లాడుకున్నవాళ్ళు.

"రేపు తలంట్లు, బచ్చాలు, చుట్టాలు. నాకు నిదరేడిదే జమ్రుదూ?" అంది మా వదిన.

జమ్రుద్‌బీ గోడ మీద మోచేతులు ఆనించింది. "వీరక్కా, రేపు పండగ ఎవురికి?"

"అందరికీ."

"నాకు ల్యాదు గదా. వీధిలో రేపు ఖాళీగా ఉండేటివి నా చేతులే. నీ తల నాకిచ్చెయ్."

ఉగాది పొద్దున మా ఇంట్లో ఎప్పుడూ జరిగేది ఒకటే. ఇంటామె అందరికీ తలంటుతుంది. అత్తకు, మగాళ్ళకు, వచ్చిన చుట్టాల పిల్లలకు. ఆఖరుకు తన వంతు వచ్చేసరికి నూనె గిన్నెలో మరకే మిగిలి ఉంటుంది, నీళ్ళు చల్లారి ఉంటాయి. తన తల తనే గబగబా తడుపుకొని పొయ్యి దగ్గరికి పరిగెత్తుతుంది. ఆ రోజు మా వదిన ఎడమ చేత్తో మా అమ్మకు నూనె రాయబోతుండగా పెరటి తలుపు తెరుచుకుంది. జమ్రుద్‌బీ, చేతిలో మెంతులు వేసి కాచిన ఆముదం గిన్నె, చంకలో కొత్త దిండు.

"అవ్వా, మీ కోడలు తల కొంచేపు నాకియ్యి" అని మా అమ్మను అడిగింది.

"ఇస్తే పండగ పని నువ్వు సేస్తావా, మీ ఆయన సేస్తాడా?"

"నీకు ఇద్దరు కొడుకులుండారు గదా అవ్వా. ఒకాయనకు చేతులుండాయి, ఇంగొకాయనకు నోరుండాది. ఇద్దురూ కలిస్తే ఒక ఆడమనిషి పని కాదా?"

చుట్టాలు పగలబడి నవ్వారు. మా అన్న చొక్కా విప్పి పిండి కలపడానికి కూర్చున్నాడు. నన్ను పెనం ముందు కూర్చోబెట్టారు. నేను చేసిన బచ్చాలు, అదే మీ బొబ్బట్లు, ఎట్లా ఉన్నాయంటే, ఒకటి తుంగభద్ర పారినట్టు, ఒకటి ఆదోని కొండలాగా. గుండ్రటిది మాత్రం ఒక్కటీ రాలేదు.

పెరట్లో పీట మీద మా వదినను కూర్చోబెట్టి జమ్రుద్‌బీ కొప్పు విప్పింది. నెలల చిక్కు. లాగలేదు, తిట్టలేదు. కొసల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క చిక్కే వేళ్ళతో విడదీసింది. నేతగాళ్ళు చిక్కుపడ్డ నూలును విడదీసినట్టే. మాడు మీద గోరువెచ్చటి ఆముదం పోసి అరచేత్తో మెత్తగా అద్దింది. నుదుటి నుంచి మెడ దాకా, మెడ నుంచి భుజం దాకా. భుజం దగ్గరికి రాగానే మా వదిన "అమ్మా" అంది.

"బలమంతంగా ఎత్తగాకు అక్కా. రోజూ గోడకాడ నిలబడు. చీమ ఎక్కినట్టు వేళ్ళతో గోడెక్కు. నొప్పి మొదులైన చోట చీమను దింపెయ్. మల్లా రేపు."

"చీమ పైకి ఎప్పుడు సేరుతాదే?"

"దానికేం తొందర? చీమకు బస్సుండాదా?"

నేను పెనం దగ్గర నుంచి చూస్తున్నాను. మా వదిన కళ్ళలో నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఉగాది నాడు ఏడవకూడదని ఆమెకు గుర్తొచ్చి తుడుచుకోబోయింది. జమ్రుద్‌బీ చెయ్యి పట్టుకుంది. "అది ఏడుపు కాదులే. ఆముదం కంట్లో పడింది" అంది. ఆముదం నుదురు దాటలేదు. నేను చూశాను. అబద్ధాలలో నా అంత మనిషి ఇంకొకరున్నారని నాకా రోజే తెలిసింది.

వేడినీళ్ళు పోసి, సీకాయతో రుద్ది, సాంబ్రాణి పొగ వేసి ఆరబెట్టింది. తడి జుట్టు పెరడంతా పరుచుకుంది. వేపపూత వచ్చి దాని మీదే వాలింది, నేల మీద వాలడం మరిచిపోయి.

భోజనాలయ్యాయి. చుట్టాలు నడవలో అడ్డం పడ్డారు. మా అమ్మ వాకిట్లో మంచం వేసుకొని కాపలాకు కూర్చుంది. మా వదినకు రెప్పలు బరువెక్కుతున్నాయి, ఏడాది తర్వాత. కానీ ఎక్కడ పడుకోవాలి? నడవలో చుట్టాలు, వాకిట్లో అత్త, వంటింట్లో నేను. ఎవరూ అడుగుపెట్టని గది ఇంట్లో ఒక్కటే. మగ్గం గది. ఉగాది నాడు మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, వేపమండ కట్టి, ముట్టకుండా వదిలేస్తారు. మా అన్న మగ్గం మీది నిలువు పోగులను, అంటే పడుగును, సడలించి పెట్టాడు కూడా. బిగించి వదిలేస్తే పోగులు అలిసి తెగుతాయని నేతగాళ్ళందరికీ తెలుసు.

మా వదిన కొత్త దిండు తీసుకొని ఆ గదిలోకి పోయింది. గుంటలో కాళ్ళు పెట్టుకొని నేసే మగ్గం కదా, పడుగు మోకాటి ఎత్తున గది పొడుగునా పరుచుకొని ఉంటుంది. పసుపు రంగు పడుగు. దాని కింద నేల చల్లగా ఉంటుంది. మెల్లగా వంగి, దాని కిందికి జరిగి పడుకుంది. కిటికీలోంచి ఎండ పోగుల మీద పడి, వాటి సందుల్లోంచి జల్లెడ పట్టినట్టు ఆమె మీదికి దిగింది. సడలిన పడుగు గాలికి లేస్తోంది, దిగుతోంది, ఊపిరి తీసినట్టు. కాసేపటికి పడుగు ఊపిరీ ఆమె ఊపిరీ ఒకటే అయ్యాయి.

ఇప్పుడు వినండి. మా అమ్మకు మగ్గానికి నైవేద్యం పెట్టలేదని గుర్తొచ్చింది. బచ్చం పళ్ళెం పట్టుకొని తడుముకుంటూ గదిలోకి పోయింది. పసుపు వెలుగు, సాంబ్రాణి వాసన, నేలంతా పరుచుకున్న జుట్టు, పడుగు కింద మెరుస్తున్న పచ్చటి ముఖం. ఆ మసక కళ్ళకు అది ఎవరనిపించింది? మా కులదేవత చౌడమ్మ తల్లి! మగ్గంలోకి దిగివచ్చి అలసి పడుకుందనిపించింది. పళ్ళెం అక్కడే పెట్టి, వెనక్కి వెనక్కి నడిచి, తలుపు దగ్గరికి లాగి, వీధిలోకి వచ్చి చెయ్యెత్తింది.

"ఒరే! అమ్మ నిదరపోతాండాది. ఎవరన్నా సప్పుడు సేసినారంటే సూడండి!"

అంతే. నడవలో గురకలు కూడా చెవిలో చెప్పుకున్నట్టు తగ్గిపోయాయి. పక్కింటి పంచాంగం అయ్యవారు దుర్మతి నామ సంవత్సర ఫలితాలు నోరు మెదపకుండా చేతి సైగలతో చదివాడు. కందాయ ఫలాలు వేళ్ళతో చూపించాడు. పిల్లలు కాళ్ళకు దూది చుట్టుకొని పరిగెత్తారు. ఆదోని బస్సు వీధి మొగలో ఇంజను ఆపి, జనం దిగి తోస్తే ముందుకు పోయింది. వేపపూత గాలిలోనే ఆగి, కింద పడితే చప్పుడవుతుందేమోనని ఆలోచించింది.

అందరూ మౌనంగా ఉంటే, నేనొక్కణ్ణి వంటింట్లోంచి, "నా బచ్చాలు సూడండబ్బా! తుంగబద్ర ఎవురికి కావల్ల? ఆదోని కొండ ఎవురికి?" అని అరుస్తూ వచ్చాను. మా అమ్మ నా చేతిలోని ఆదోని కొండను తీసి నా నోట్లోనే కుక్కింది. అది నమలడానికి సాయంత్రమైంది. ఇదీ నా ఘనకార్యం. వీధిని నిద్రపుచ్చానని మొదట అన్నాను కదా. ఆ రోజు వీధిలో చప్పుడు చేసిన మనిషి నేనొక్కణ్ణే. దిండులో పత్తి మాత్రం నాదే. అది కూడా కాదంటే నేను ఊరుకోను.

మా అన్న ఒకసారి తలుపు సందులోంచి చూశాడు. పడుగుకు ఏదైనా తగిలితే విలవిల్లాడే మనిషి. నూనె మరక పడుతుందేమోనని గోల చేస్తాడనుకున్నాను. ఆయన లోపలికి పోయి, పడుగు ఆమె ముఖానికి తగలకుండా తాడుతో కొంచెం పైకి కట్టి, వచ్చేశాడు. అంతకంటే పెద్ద మాట ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు.

దీపాలు పెట్టే వేళకు మా వదిన బయటికి వచ్చింది. చెంప మీద దిండు ముడత. కళ్ళు కడిగిన గాజుల్లాగా ఉన్నాయి.

"పొద్దు యాడికి పోయింది?" అని అడిగింది.

"పొద్దుకేముంది, రేపు మల్లా వస్తాది. నీకు నిదర వచ్చినాదా?" అంది మా అమ్మ.

"వచ్చినాదత్తా. కలొచ్చింది. పచ్చటి ఏట్లో వెల్లకిలా పడుకోని పోతాండా. రెండు పక్కలా పెద్దకడుబూరు పత్తిచేన్లు. పైనుంచి నూలు వాన. ఏరు నన్ను యాడికీ తీసకపోవడంల్యా, ఊరికే మోస్తాండాది."

మా వదిన వాకిట్లో కూర్చుంది. జమ్రుద్‌బీ ఎదురింటి గడపలో నుంచి చెయ్యి ఊపింది. మా వదిన కూడా చెయ్యి ఎత్తింది. భుజం దాకానే లేచింది. చాలు, చీమ బయల్దేరింది.

ఏడాదంతా నిద్ర పట్టిందా అని అడుగుతారు. ప్రతిరోజూ కాదు. ఆవిర్లు వచ్చేవి, కొన్ని రాత్రులు మేలుకొనేది. కానీ భయపడడం మానేసింది. మధ్యాహ్నం అన్నమయ్యాక మా అన్న మగ్గం గుంటలోంచి లేచి, పడుగు సడలించి, బయటికి పోయి బీడీ ముట్టించేవాడు. ఆ బీడీ ఆరేదాకా ఆ గది ఆమెది. ఆ ఏడాది ఆయన కాల్చిన బీడీలు మాత్రం మరీ పొడుగ్గా ఉండేవి.

ఆ ఏడు రంజాను వానల్లో వచ్చింది. పండగ పొద్దున జమ్రుద్‌బీ ఇంటి ముందు మా వదిన నిలబడింది. చేతిలో ఆముదం గిన్నె. దాన్ని తనే పై అరలో నుంచి అందుకొని తెచ్చింది, కుడి చేత్తో.

"ఈ పొద్దు నాకు పండగ ల్యాదు. నీ తల ఇట్టియ్యి జమ్రుదూ" అంది.

అట్లా మొదలైంది మా వీధిలో ఆ ఆచారం. పండగ ఉన్న ఇంటి ఆడమనిషి తల, పండగ లేని ఇంటి ఆడమనిషి చేతుల్లో. ఆ తర్వాత క్రిస్మసుకు వీధి చివరింటి దానమ్మ తల కోసం ఇద్దరూ పోటీ పడ్డారని విన్నాను.

ఇక మీరు నన్ను నిలదీసేలోపల నేనే చెప్పేస్తాను. ఇందులో ఒకటి నేను కల్పించాను. బస్సు తోసిన మాట కాదు, అది ఎప్పుడూ తోస్తేనే పోయేది. ఈగ గురక కూడా కాదు. మా అమ్మ కళ్ళు. ఆమెకు మసకా లేదు, ఏమీ లేదు. దీపం వెలుతురులో తెగిన పోగు అతికేది. పడుగు కింద ఉన్నది ఎవరో మొదటి చూపులోనే తెలిసింది. చాలాసేపు గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత వీధిలోకి వచ్చి అన్నది, "అమ్మ నిదరపోతాండాది" అని కాదు. "నా కోడలు పండుకోనుండాది. లేపినోని కాళ్ళిరగ్గొడ్తా" అని.

మరి చౌడమ్మను ఎందుకు తెచ్చానంటారా? అమ్మవారు మగ్గంలోకి దిగివచ్చిందంటే ఎవరైనా నమ్ముతారు. పండగ నాడు కోడలు పడుకుంటే అత్త కాపలా కాసిందంటే నమ్మేవాళ్ళెవరండీ? అంత అబద్ధం ఆడడానికి నాకే సిగ్గేసింది.